గుడ్డు పెట్టలేక ముక్కుతున్న కోడిపెట్టకు ముందు ఏం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు

తమ్మీ, నువ్వు రాసింది చదివిన. నీ గ్రామప్రియ రకం పెట్ట నిన్న పొద్దుగాల నుంచి గూట్లకు పోతది వస్తది, కూసుంటది లేస్తది, తోక కిందికి మీదికి ఆడిస్తది, ముక్కుతది గాని గుడ్డు మాత్రం పడ్తలేదు, ఈ రోజైతే మేత కూడ ముట్టలేదు, పక్కింటి పెద్దమ్మ ఆముదం తాపమంటుంది, మీ నాయన కడుపు ఒత్తి తీస్తనంటుండు, ఏం చెయ్యాల్నో చెప్పమన్నవ్. ముందుగాల ఆ రెండు పనులు ఆపించు. ఆముదం వద్దు, ఒత్తుడు అసలే వద్దు. పెట్టను మిగతా కోళ్లల నుంచి విడదీసి ఇంట్ల ఒక మూలకు తెచ్చి పెట్టు, మెడికల్ షాప్ తెరిచి ఉంటే విటమిన్ డీ3 కలిసిన 500 మిల్లీగ్రాముల క్యాల్షియం గోళీ ఒకటి తెప్పించు, పొయ్యి మీద నీళ్లు పెట్టు. మిగతాది కింద రాస్తున్న, నీళ్లు కాగేలోపు చదువు.

మొదలు అది నిజంగ గుడ్డు ఇరుక్కున్న పెట్టేనా కాదా అని చూసుకోవాలె, ఎందుకంటే డల్లుగ ముడుచుకొని కూసున్న ప్రతి కోడికి గుడ్డు అడ్డం పడ్డదనుకొని నీళ్లల్ల ముంచేటోళ్లను మస్తు మందిని చూసిన. ఒక్క రోజు గుడ్డు పెట్టలేదంటే అది రోగం కాదు, ఏ పెట్టయినా మధ్యల ఒక రోజు ఆపుతది. పొదుగుకు వచ్చిన పెట్ట కూడ గూట్ల నుంచి కదలదు, కానీ దగ్గరికి పోతే ఈకలు లేపి గుర్రుమంటది, చెయ్యి పెడితే పొడుస్తది, కండ్లు చురుకుగ ఉంటయి, దినానికి ఒకసారి లేచి పెద్ద రెట్ట ఏసి నీళ్లు తాగి మల్ల పోయి కూసుంటది. గుడ్డు ఇరుక్కున్న పెట్ట అట్ల ఉండదు. ఛాతి పైకెత్తి, తోక నేలకు దించి నిటారుగ నిలబడతది, కాళ్లు ఎడం చేసి నడుస్తది, కండ్లు సగం మూస్తది, ముక్కినప్పుడల్ల ముడ్డి కాడ ఈకలు లోపలికి బయటికి కదులుతయి. రెట్ట ఉండదు, లేకుంటే తెల్లటి నీళ్లు కొంచెం కొంచెం కారుతయి. కొన్నిట్లకైతే ఒక కాలు కుంటుపడతది, ఎందుకంటే లోపల గుడ్డు పోయి కాలికి పోయే నరం మీద ఒత్తుతది. కుంటుతుంది గదా అని కాలికి పసుపు రాసి కూసుంటరు, అసలు సంగతి కడుపుల ఉంటది.

చేతితోని చూసే పద్ధతి చెప్తా. పెట్టను ఎడమ సంక కింద పెట్టుకో, తల వెనకకు, తోక నీ ముందుకు ఉండాలె, రెక్కలు అదిమి పట్టు. ముడ్డికి అటు ఇటు రెండు సన్న ఎముకల మొనలు తగులుతయి. ఆ రెండిటి మధ్యల నీ వేళ్లు రెండు మూడు పడితే అది గుడ్లు పెడుతున్న పెట్ట. ఒక్క వేలే ఇరుకుగ పడితే, జుట్టు కూడ పాలిపోయి చిన్నగ ఉంటే, అది ఇప్పుడు గుడ్ల మీదనే లేదు, ఇంక గుడ్డు ఇరుక్కునేది ఎక్కడిది, వేరే రోగం చూసుకోవాలె. ఎముకల మధ్య జాగ ఉంటే, ముడ్డి కింద నుంచి ఛాతి ఎముక చివర దాక మెత్తగ ఉండే కడుపును నాలుగు వేళ్లతోని మెల్లగ తడుము. ఒత్తకు, ఊకె తడుము. గట్టిగ, గుండ్రంగ, గుడ్డంత తగిలితే గుడ్డే. అట్ల కాకుండ కడుపు మొత్తం జారిపోయి నీళ్లు నింపిన కవర్ లెక్క ఊగుతుంటే అది గుడ్డు కాదు, లోపల సొన కడుపుల పడి చెడిపోయి నీరు పట్టింది. అట్లాంటి పెట్టకు ఛాతి ఎముక కత్తిమొనగ తేలి ఉంటది, వారాల నుంచి చిక్కిపోతుంటది, దానికి ఈ వేడినీళ్లు క్యాల్షియం పని చెయ్యవు. ఇంకోటి, ఆకుపచ్చ రెట్ట, మెడ తిప్పుడు, కోళ్లు ఒకదాని వెనక ఒకటి చచ్చిపడుడు ఉంటే అది కొక్కెర రోగం, అది పూర్తిగ వేరే ముచ్చట, వెంటనే డాక్టర్ కు చెప్పాలె.

బయట తడిమితే తెలుస్తలేదంటే లోపల చూడొచ్చు, కానీ గోరు కత్తిరించుకొని, సబ్బుతోని కడుక్కొని, చేతికి గ్లౌజు ఏసుకొని, కొబ్బరినూనె గాని వ్యాజ్లిన్ గాని రాసుకొని, ఒక్క చూపుడు వేలు మాత్రమే. నేరుగ, మెల్లగ, అంగుళం రెండంగుళాల లోపలే తెలిసిపోతది. పెంకు తగిలితే ఆపెయ్, వేలు తీసెయ్. తెలుసుకునేటందుకే ఆ వేలు, లాగేటందుకు కాదు.

ఇప్పుడు అసలు లోపల ఏమైతుందో చెప్తా, ఇది అర్థమైతే ఏం చెయ్యాలె ఏం చెయ్యొద్దు అన్నది ఎవ్వరూ చెప్పకుండనే నీకు తెలుస్తది. కోడికి గుడ్డు తయారై బయటికి రావాలంటే సుమారు 25 గంటలు పడతది. అందుల దగ్గర దగ్గర 20 గంటలు పెంకు సంచిలనే ఉంటది, అక్కడ పెంకు పోసుకుంటది. అంతా అయినంక ఆ సంచి చుట్టూ ఉన్న కండరం గట్టిగ ముడుచుకొని గుడ్డును కిందికి తోస్తది. కండరం ముడుచుకోవాలంటే రక్తంల క్యాల్షియం ఉండాలె. మనోళ్లందరూ క్యాల్షియం అంటే పెంకు కోసమే అనుకుంటరు, కాదు, గుడ్డును తోసే బలం కూడ దాంతోనే వస్తది. ఒక పెంకుకు దాదాపు 2 గ్రాముల క్యాల్షియం పోతది, పెట్ట ఒంట్ల ఉన్నదంతా పెంకుకే పెట్టేసి రక్తంల తక్కువ చేసుకుంటే, గుడ్డు తయారై కూసుంటది గాని దాన్ని నూకే శక్తి ఉండదు. చానాసార్లు దారి ఇరుకై కాదు గుడ్డు ఆగేది, తోసే కండరం చల్లబడి. అందుకే లాగితే రాదు, ఒత్తితే రాదు, కండరానికి బలమిస్తే దానంతట అదే పడేస్తది.

తోలుగుడ్డు సంగతి కూడ ఇంతే. పెంకు లేని గుడ్డు మెత్తగ ఉంటది గదా అల్కగ జారిపోతది అనుకుంటం, ఉల్టా అదే ఎక్కువ ఇరుక్కుంటది, కండరం ముడుచుకున్నప్పుడు గట్టి గుడ్డయితే ముందుకు జారుతది, మెత్తటిది అక్కడనే నొక్కుకుపోయి సాగుతది. తడిమితే ఏం తగుల్తలేదు, కానీ పెట్ట మాత్రం ముక్కుతనే ఉంది అంటే తోలుగుడ్డు అయ్యుండొచ్చు.

అందుకే మొదటి మందు క్యాల్షియం. నీ గ్రామప్రియ రెండు కిలోల దాక ఉంటది కాబట్టి ఆ గోళీ ఒకటి మొత్తం ఇయ్యొచ్చు, చిన్న నాటుపెట్టయితే సగం చాలు. పొడి చేసి, గోరువెచ్చటి బెల్లం నీళ్లల్ల గాని మెత్తటి అన్నం ముద్దల గాని కలిపి పెట్టు. దానంతట అది తింటే అంతకంటే మంచిది లేదు. తినకపోతే డ్రాపర్ తోని గాని సూది తీసిన సిరంజితోని గాని ముక్కు పక్క నుంచి ఒక్కొక్క చుక్క ఎయ్యి, మింగినంకనే ఇంకో చుక్క. గొంతు తెరిచి ఒక్కసారే పొయ్యకు, కోడికి ఊపిరి పోయే రంధ్రం నాలుక ఎనకనే ఉంటది, పోసిందంతా ఊపిరితిత్తులల్లకు పోతది. పశువుల మందుల షాపుల దొరికే క్యాల్షియం లిక్విడ్ ఉన్నా సరే, బాటిల్ మీద కోళ్లకు రాసిన డోస్ చూసి ఇయ్యి. మెడ వాల్చేసి మింగలేని స్థితిల ఉంటే నోట్ల ఏదీ పొయ్యకు, సక్కగ డాక్టర్ కాడికి తీస్కపో.

గోళీ ఇచ్చినంక వేడినీళ్లు. వేడినీళ్లంటే మరిగేవి కాదు, గోరువెచ్చటి కంటే కొంచెం ఎక్కువ, 38 నుంచి 40 డిగ్రీలు. థర్మామీటర్ లేకుంటే మోచెయ్యి పెట్టి చూడు, పసిపోరనికి పోసే నీళ్లంత ఉండాలె. కోడి ఒళ్లే 41 డిగ్రీల దాక ఉంటది కాబట్టి ఆ నీళ్లు దానికి కాలవు. గమేళాల గాని టబ్బుల గాని పోసి, అడుగున పాత తువ్వాల ఎయ్యి, కాళ్లు జారకుండ. పెట్టను రెక్కలు అదిమి పట్టుకొని మెల్లగ దించు, కడుపు మొత్తం ముడ్డితో సహా మునగాలె, ఛాతి పై భాగం తల బయట ఉండాలె. మొదట రెండు నిమిషాలు కొట్టుకుంటది, వదలకు. 15 నుంచి 20 నిమిషాలు ఉంచు. నీళ్లు చల్లబడితే పెట్టను పక్కకు జరిపి టబ్బు అంచు కాడ వేడినీళ్లు కలుపు, దాని మీద పడకుండ.

మా ఇంట్ల ఒక వనరాజా రకం పెట్టకు ఇట్లనే అయినప్పుడు వాకిట్ల టబ్బుల కూసోబెట్టినం. మొదలు మా ఆడబిడ్డ చేతిని గోళ్లతోని గీరింది, కొద్దిసేపటికి మెడ దించింది, బిగబట్టిన రెక్కలు చేతుల్ల వదులైనయి, కింది రెప్ప పైకి లేచి కన్ను మూసుకుంది, కడుపు కింద ఈకలు నీళ్లల్ల విప్పారినయి. ఒళ్లు అట్ల వదులైతే నీళ్లు పని చేస్తున్నయని గుర్తు. తీసి తుడిచి గంప కింద చీకట్ల పెట్టినంక చానా సేపటికి గాని గుడ్డు పడలేదు. ఆ గుడ్డు ఒక కొస నున్నగ, ఇంకో కొస గరుకుగ ఇసుక రాలినట్టుగ ఉండె, పొడుగునా సన్న రక్తపు గీత. ఆ గరుకు కొస ఎందుకు చెప్తున్ననంటే, గుడ్డు లోపట ఎక్కువ సేపు ఆగితే దాని మీద ఇంకా ఇంకా క్యాల్షియం పేరుకుంటది, గరుకైతది, గరుకైన కొద్దీ జారుడు తగ్గుతది. అందుకే రేపు చూద్దాం అని ఊకోవద్దు.

నీళ్లల్ల నుంచి తీసినంక తువ్వాలతోని మంచిగ తుడువు, చలికాలమైతే ఈకలు మొత్తం ఆరేదాక విడువకు, తడి కోడికి చలి పడితే ఉన్న బలం కూడ పోతది. 60 వాట్ల బల్బు ఒకటి మూర దూరంల పెట్టు, అది పాత గుండు బల్బు అయ్యుండాలె, ఎల్ఈడీ బల్బుకు వేడి రాదు. ముడ్డి చుట్టూ, కొంచెం లోపల అంచు దాక కొబ్బరినూనె రాయి. తర్వాత అట్టపెట్టెల గాని గంప కింద గాని వరిగడ్డి ఏసి, మీద పాత లుంగీ కప్పి చీకటి చెయ్యి, గాలి ఆడనియ్యి. నీళ్ల గిన్నె పెట్టు. ఇగ విడిచిపెట్టు. అయిదు నిమిషాలకోసారి లేపి చూడకు, పిల్లలను దగ్గరికి రానియ్యకు, కుక్కను దూరంల కట్టెయ్యి. భయపడితే కోడి గుడ్డును పట్టేసుకుంటది. రెండు గంటలకు ఒకసారి చూడు చాలు. పడకపోతే మల్ల ఒకసారి నీళ్లు, మల్ల చీకటి.

ఒక జాగ్రత్త, ఎండాకాలం మిట్ట మధ్యాహ్నం, మన దిక్కు 43, 44 డిగ్రీలు కొట్టేటప్పుడు నోరు తెరుసుకొని రొప్పుతున్న పెట్టను వేడినీళ్లల్ల దించకు, వడదెబ్బకే పోతది. అప్పుడు ముందు నీడకు తెచ్చి, చల్లటి తాగే నీళ్లల్ల ఓఆర్ఎస్ కలిపి పెట్టి, రొప్పు తగ్గినంక సాయంత్రం గోరువెచ్చటి నీళ్లే వాడు, బల్బు వద్దు.

ఇగ ఆముదం. పెద్దమ్మ మీ మంచికే చెప్తుంది, మా అత్త కూడ అదే చెప్పేది, కానీ నోట్లె పోసిన ఆముదం పేగులల్లకు పోతది, గుడ్డు ఉండేది పేగుల్ల కాదు, గుడ్డు సంచిల. రెండూ చివరికి ఒకే ముడ్డి కాడ కలుస్తయి గాని లోపల దారులు వేరు. నోట్లె పోసింది గుడ్డును జారగొట్టదు. పైగా బేదులైతయి, ఒంట్ల నీరు పోతది, ఉన్న బలం పోతది. నూనె పని చేసేది బయట ముడ్డి కాడ రాస్తేనే.

ఒత్తుడు ఎందుకు వద్దంటున్ననంటే లోపల గుడ్డు పగిలిందనుకో, పెంకు ముక్కలు ఆ మెత్తటి గోడను కోస్తయి, సొన లోపలనే మిగిలి చీము పడతది, ఒక్కోసారి గుడ్డు సంచే చిరిగి సొన కడుపులకు జారుతది. గుడ్డు రాలేదన్న బాధ పోయి కోడే పోయిన బాధ మిగులుతది. లాగినా అంతే, గుడ్డుతోని పాటు సంచి బయటికి వస్తది. గుడ్డు కొస ముడ్డి కాడ కనబడుతుంటే మాత్రం చుట్టూ నూనె రాసి, పెట్ట ముక్కినప్పుడు అరచెయ్యి కింద ఆనిచ్చి పట్టు, అంతే, దాని ముక్కుడుకు తోడు నీ చెయ్యి ఆధారంగ ఉండాలె గాని గుంజొద్దు.

మూడో మాట, ఇది గట్టిగ చెప్తున్న. బర్రెలకు పాలు దింపేటందుకు ఏసే ఆక్సిటోసిన్ సూది ఇంట్ల ఉందని కోడికి ఏసేటోళ్లున్నరు. ఆ మందు గుడ్డు సంచిని బలంగ ముడుస్తది నిజమే, డాక్టర్లు కూడ వాడతరు, కానీ ముడ్డి దారి వదులుగ ఉందా, గుడ్డు అతుక్కొని ఉందా, ముందు క్యాల్షియం ఇచ్చినమా అని చూసుకొని లెక్క ప్రకారం ఇస్తరు. దారి మూసుకుపోయి ఉండంగ ఆ సూది ఏస్తే సంచి పగులుతది. అది మన చేతుల పని కాదు.

మల్ల డాక్టర్ ఎప్పుడు? ఇప్పటికే ఒక దినం దాటింది కాబట్టి, ఈ రాత్రి రెండుసార్లు నీళ్లు చీకటి చేసినంక కూడ తెల్లారేసరికి గుడ్డు పడలేదంటే ఆగకు. రెట్ట పూర్తిగ బందయినా, జుట్టు నీలంగ నల్లగ మారినా, కాళ్ల మీద నిలబడలేకపోయినా, రక్తం కారినా, గుడ్డు లోపల పగిలిందని అనుమానమొచ్చినా తెల్లారేదాక కూడ ఆగకు. దేవరకొండల సర్కారు పశువుల దవాఖానకు గంపల పెట్టుకొని తీస్కపో, 1962కు ఫోన్ చేసి కూడ అడుగు, అది పశువుల వైద్యం బండి నెంబరు, ఏం చెయ్యాల్నో అయినా చెప్తరు. కోడికి ఏం డాక్టరయ్యా అని నవ్వేటోళ్లు ఉంటరు, పట్టించుకోకు, గుడ్ల మీద ఉన్న పెట్ట ఇంటికి ఆదాయం. అక్కడ క్యాల్షియం సూది ఇస్తరు, అవసరమైతే ఆక్సిటోసిన్, అదీ కాకుంటే సూది సిరంజితోని గుడ్డుల ఉన్నది గుంజేసి పెంకును ముడుచుకుపోయేటట్టు చేసి మెల్లగ తీస్తరు. ఎప్పటి నుంచి ముక్కుతుంది, ఏం మేత పెడుతున్నవ్, ఏమేం ఇచ్చినవ్ అని అడుగుతరు, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పు, ఆముదం ఇప్పటికే తాపి ఉంటే అది కూడ.

గుడ్డు పడినంక అయిపోయిందని విడిచిపెట్టకు, ముడ్డి కాడ చూడు. ఎర్రటి తడి మాంసం బయటికి వేలాడుతుంటే గుడ్డు సంచి జారిందన్నట్టు. గుడ్డు పెట్టేటప్పుడు అది ఒక్క క్షణం బయటికి వచ్చి లోపలికి పోవుడు మామూలే, పోకుండ ఉండిపోతేనే రోగం. దాన్ని గోరువెచ్చటి ఉప్పునీళ్లతోని కడిగి, ఉబ్బి ఉంటే చక్కెర గాని తేనె గాని రాసి కొంచెంసేపు ఉంచు, చక్కెర నీరు గుంజి వాపు తగ్గిస్తది, తర్వాత నూనె చేతితోని మెల్లగ లోపలికి నూకు. అట్లాంటి పెట్టను మిగతా కోళ్లల్ల వదలకు, ఎర్రగ కనబడితే చాలు పొడిచి పొడిచి పేగులు గుంజేస్తయి, ఇది నేను రెండు మూడు ఇండ్లల్ల చూసిన, చూడలేం. మల్ల మల్ల జారుతుంటే డాక్టర్ కుట్టు ఏస్తడు.

పడ్డ గుడ్డును కూడ పారెయ్యక ముందు చూడు. పెంకు పలుచగ, తోలుగ ఉంటే క్యాల్షియం తక్కువ. పెద్దగ, పొడుగ్గ, కొడితే రెండు సొనలుంటే మేత ఎక్కువై గుడ్డు పెద్దదైంది, లేకుంటే కొత్తగ గుడ్ల మీదికి వచ్చిన పెట్ట కాబట్టి ఇంకా లెక్క కుదరలేదు. పెంకు మంచిగనే ఉంది, సైజు మామూలే, కానీ వాసన వస్తుంది, చీము జిగట అంటుకొని ఉందంటే సంచికి ఇన్ఫెక్షన్, దానికి మందు కావాలె, ఆ మందు వాడినన్ని దినాలు, డాక్టర్ చెప్పినన్ని దినాలు ఆ గుడ్లు తినొద్దు.

నీ పెట్టకు ఎందుకొచ్చిందంటే నాకైతే మేత కాడనే అనుమానం. నూకలు, మక్కలు, సాయంత్రం కొంచెం తవుడు అని రాసినవ్ గదా. మన దిక్కు అందరం పెట్టేది అదే. కానీ లెక్క చూడు. గుడ్ల కోళ్ల దాణాల క్యాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటది, నూకలల్ల మక్కలల్ల 0.1 శాతం కూడ ఉండదు. వంద గ్రాముల గింజలు తింటే వంద మిల్లీగ్రాములు కూడ అందదు, పెంకుకేమో 2 గ్రాములు కావాలె. మిగతాది ఎక్కడ నుంచి తెస్తది, దాని బొక్కలల్ల నుంచే తీస్తది. తైదలు, అంటే రాగులు, మంచివి, ధాన్యాలల్ల అన్నిట్ల కంటే క్యాల్షియం దాంట్లనే ఎక్కువ, అయినా వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల లోపే, అది కూడ చాలదు.

మా అమ్మమ్మోళ్ల కాలంల ఇవేం లేకుండనే కోళ్లు బతకలేదా అని అడుగుతరు. బతికినయి. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లే పెడతది, ఒక పది పదిహేను పెట్టి పొదుగుకు కూసుంటది, పిల్లలను తిప్పుకుంటది, అన్ని నెలలు దాని ఒళ్లు మల్ల కోలుకుంటది, పైగా దినమంతా పెంటకుప్పల మీద పురుగులు, నత్తలు, మట్టి ఏరుకుంటది. గ్రామప్రియ అట్ల కాదు, రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థోళ్లు గుడ్ల కోసమే తీసిన రకం, పెరట్లనే ఏడాదికి 150 దాటి పెడతది, పొదుగు దాదాపు ఉండదు. దానికి నాటుకోడి మేత పెట్టి దాని కంటే మూడింతలు గుడ్లు తీస్కుంటున్నమంటే మిగతాది దాని ఒంట్ల నుంచి గుంజుతున్నమన్నట్టు. వనరాజాది ఇంకో కథ, అది మాంసానికి కూడ పనికొచ్చే రకం కాబట్టి గింజ ఎక్కువైతే కొవ్వు పడతది, కొవ్వు పట్టిన పెట్టకు కడుపుల జాగ తగ్గుతది, కండరం మెత్తబడతది, గుడ్డు ఇరుక్కునేది దానికే ఎక్కువ. వనరాజా పెట్టకు మక్కలు చాటలతోని పొయ్యకు, తిరిగి ఏరుకోనియ్యి.

ఖర్చు లేని పని చెప్తా. ఇంట్ల వాడిన గుడ్ల పెంకులు కడిగి, ఎండబెట్టి, పెనం మీద వేయించి, జొన్నగింజంత ముక్కలుగ నలగ్గొట్టి వేరే చిప్పల పెట్టు. మేతల కలపకు. కావాల్సిన పెట్ట దానంతట అది తింటది, పుంజు ఎక్కువ ముట్టదు. కలిపితే పిల్లలు కూడ తింటయి, ఎదిగే పిల్లలకు క్యాల్షియం ఎక్కువైతే కిడ్నీలు చెడిపోతయి. పెంకులు చాలకుంటే కోళ్ల దాణా షాపుల గుల్ల ముక్కలు అమ్ముతరు, అవి తెచ్చుకో. మెత్తటి పొడి కంటే ముక్కలే మంచివి, కందనకాయల నిలిచి రాత్రంతా మెల్లగ కరుగుతయి. పెంకు పోసుకునేది ఎక్కువ రాత్రిపూటనే, అప్పుడు మేత ఉండదు, అందుకే ఆ చిప్ప సాయంత్రం గూట్లకు పోయే ముందు అందుబాటుల ఉండాలె.

సున్నపు తేట నీళ్లల్ల కలుపుతం గదా చాలదా అంటవేమో. సున్నం నీళ్లల్ల కరిగేదే తక్కువ, లీటరుకు గ్రామున్నర చిల్లర. పెట్ట దినానికి తాగేది పావు లీటరు. లెక్క కడితే క్యాల్షియం పావు గ్రాము కూడ రాదు, లేనిదానికంటే నయం గాని దాని మీదనే ఆధారపడొద్దు. ముద్ద సున్నం మాత్రం ఎప్పుడూ మేతల కలపకు, గొంతు కాలుతది.

ఎండ పడాలె, ఎండల తిరిగిన కోడికి డీ విటమిన్ దొరుకుతది, అది లేకుంటే తిన్న క్యాల్షియం ఒంటికి పట్టదు. ఎప్పుడూ షెడ్ల కట్టేసి పెంచేటోళ్లకే ఈ బాధ ఎక్కువ. ఎండాకాలం మాత్రం నీడ, చల్లటి నీళ్లు. కోడికి చెమట పట్టదు, రొప్పి రొప్పి వేడి తీస్తది, రొప్పినప్పుడు రక్తంల ఉన్న కార్బన్ డయాక్సైడ్ పోతది, పెంకుకు కావాల్సిన కార్బొనేట్ దాంతోనే తయారైతది, అందుకే ఏప్రిల్ మే నెలలల్ల పెంకులు పలుచబడతయి, తోలుగుడ్లు వస్తయి. ఆ నెలలల్ల మేత పొద్దుగాల్ల చల్లటి పూట, సాయంత్రం పెట్టు, మధ్యాహ్నం నీళ్ల కుండలు రెండు మూడు జాగలల్ల పెట్టు.

గుడ్డు పెట్టే జాగ కూడ చూసుకో. నాలుగైదు పెట్టలకు ఒక గూడు గంప చీకటి మూలకు ఉండాలె. జాగ లేక, పుంజు తరుముతుంటే, కుక్క తిరుగుతుంటే పెట్ట గుడ్డును ఆపుకుంటది, ఆపుకున్న కొద్దీ గరుకైతది.

నీ పెట్ట ఈసారి గట్టెక్కితే రెండు మూడు దినాలు క్యాల్షియం గోళీ దినానికి ఒకటి ఇచ్చి ఆపెయ్యి, తర్వాత పెంకుల చిప్ప చాలు. ఒక వారం దాన్ని సాయంత్రం తొందరగ, పొద్దు ఉండంగనే చీకటి గదిల ఏసి పొద్దుగాల ఆలస్యంగ విడువు, దినంల ఎనిమిది తొమ్మిది గంటల కంటే ఎక్కువ వెలుతురు దొరకకుంటే గుడ్లు తగ్గిస్తది, లోపల వాపు మానేటందుకు టైం దొరుకుతది. ఆ వారం మక్కలు తగ్గించి ఆకుకూర ముక్కలు, కొంచెం పెరుగన్నం పెట్టు.

ఇంకో నెల రెండు నెలలల్ల మల్ల ఇట్లనే అయితే, మేత సరి చేసినా అయితే, ఆ పెట్టకు గుడ్డు సంచిలనే లోపం ఉన్నట్టు, ప్రతిసారి దాన్ని బాధ పెట్టుడు న్యాయం కాదు. అప్పుడు కోసుకోవాల్నా అన్నది ఇంటోళ్ల ఇష్టం, కానీ మందులు సూదులు ఇచ్చిన కోడినైతే డాక్టర్ చెప్పిన గడువు దాటేదాక కొయ్యొద్దు, లోపల వాసన చీము ఉన్నదాన్ని అసలే తినొద్దు, పూడ్చిపెట్టు.

ఇప్పుడైతే గోళీ ఇచ్చి నీళ్లు మొదలుపెట్టు. రాత్రి పడుకునే ముందు రెట్ట ఏసిందా లేదా, జుట్టు ఏ రంగున ఉందో చూసి రాయి, నేను చూస్త.